ధూమపానం - దేశకాల భేదాలు

ధూమపానం అనగా ఎండిన పొగాకును కాల్చి దాని పొగను పీల్చే అలవాటు. వాడుకలో దీనిని పొగత్రాగడం అంటారు. చుట్ట, బీడీ, సిగరెట్టు, హుక్కా, చిలుం, పైపు దీని ముఖ్య రూపాలు. ఒక దేశంలో ఎందరు పొగ త్రాగుతారు, వారిలో స్త్రీలెందరు, పురుషులెందరు, ఏ రూపంలో త్రాగుతారు అన్నవి స్థిరమైన విషయాలు కావు. 1948లో బ్రిటన్‌లోని వయోజన పురుషులలో 82 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగ త్రాగేవారు. 2023 నాటికి ఆ దేశపు పెద్దలలో సిగరెట్టు త్రాగేవారు 11.9 శాతం మాత్రమే. ఇండొనేషియాలో 2021లో కూడా పురుషులలో సుమారు 65 శాతం మంది పొగాకు వాడుతూనే ఉన్నారు.

ఫలానా దేశస్థులకు పొగ అలవాటు సహజంగానే ఎక్కువ అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. చరిత్రను పరిశీలిస్తే అది నిలువదు. ఒకే దేశంలో రెండు తరాల కాలంలోనే అలవాటు ఆకాశానికి ఎగసి, తిరిగి నేలకు దిగిన సందర్భాలు అనేకం. ఈ హెచ్చుతగ్గులకు ఉత్పత్తి విధానం, ధర, ప్రకటనలు, చట్టాలు, స్త్రీపురుషుల మధ్య సాంఘిక కట్టుబాట్లు ప్రధాన కారణాలు. అలవాటు పెరిగిన తరువాత దాని వల్ల కలిగే మరణాలు పెరగడానికి దాదాపు ముప్పై సంవత్సరాలు పడుతుంది. అందువలన ఒక దేశపు ఆసుపత్రులలో నేడు కనబడే జబ్బు ఆ దేశం ఒక తరం క్రితం త్రాగిన పొగకు ఫలితం.

పొగాకు వ్యాప్తి

పొగాకు మొక్క జన్మస్థలం అమెరికా ఖండం. వంగ, టమాటా, బంగాళాదుంపల వలె ఇది కూడా సొలనేసి కుటుంబానికి చెందినది. 1492లో కొలంబస్ నావికులు అక్కడి ప్రజలు ఆకులను చుట్టి కాల్చి పొగ పీల్చడం చూశారు. ఆ తరువాత నూరేళ్ళు తిరిగేసరికి పొగాకు ఐరోపా, ఆసియా, ఆఫ్రికా ఖండాలకు చేరింది. పొగాకులోని నికోటిన్ అనే రసాయనానికి ఆ పేరు 16వ శతాబ్దంలో పొగాకును ఫ్రెంచి రాజాస్థానానికి పరిచయం చేసిన రాయబారి జీన్ నికో పేరు మీదుగా వచ్చింది.

కొత్త అలవాటును తొలినాళ్ళలో అనేకమంది పాలకులు వ్యతిరేకించారు. ఇంగ్లాండు రాజు మొదటి జేమ్స్ 1604లో పొగాకును నిందిస్తూ స్వయంగా ఒక పుస్తకం వ్రాసి, దాని దిగుమతి సుంకాన్ని అనేక రెట్లు పెంచాడు. కొంతకాలానికి అదే రాజు పొగాకు వ్యాపారాన్ని రాచసొత్తుగా ప్రకటించి ఆదాయం పొందాడు. ఒక చేత్తో నిందించి మరొక చేత్తో పన్ను వసూలు చేసే ఈ పద్ధతి తరువాతి ప్రభుత్వాలలో కూడా కనిపిస్తుంది. ఒట్టోమాన్ సుల్తాను నాలుగవ మురాద్ 1633లో పొగాకును నిషేధించి, ఉల్లంఘించినవారికి మరణశిక్ష విధించాడు.

భారతదేశానికి పొగాకును పోర్చుగీసువారు తెచ్చారు. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే అధికారి బీజాపూరు నుండి పొగాకును, పొగత్రాగే గొట్టాన్ని తెచ్చి అక్బరు చక్రవర్తికి సమర్పించాడు. ఆస్థాన వైద్యులు వారించినా అక్బరు దానిని రుచి చూశాడు. జహంగీరు 1617లో పొగత్రాగడాన్ని నిషేధించాడు గాని ఆ ఆజ్ఞ ఎక్కువ కాలం అమలు కాలేదు.

యంత్రం తెచ్చిన మార్పు

19వ శతాబ్దం చివరి వరకు సిగరెట్టు అరుదైన వస్తువు. పాశ్చాత్య దేశాలలో పొగాకును ఎక్కువగా పైపు, చుట్ట, నస్యం, నమిలే పొగాకు రూపాలలో వాడేవారు. సిగరెట్లను చేతితో చుట్టవలసి రావడం వలన వాటి ధర ఎక్కువగా ఉండేది. అమెరికాకు చెందిన జేమ్స్ బోన్సాక్ 1881లో పేటెంటు పొందిన యంత్రం ఈ పరిస్థితిని తారుమారు చేసింది. అది పది గంటలలో సుమారు 1,20,000 సిగరెట్లు తయారు చేయగలదు. ఉత్తర కరోలినాకు చెందిన జేమ్స్ డ్యూక్ ఈ యంత్రాన్ని తన కర్మాగారంలో నెలకొల్పి, ధర తగ్గించి, ప్రకటనలకు విస్తారంగా ఖర్చు చేశాడు. 1890లో అతడు ఏర్పరచిన అమెరికన్ టొబాకో కంపెనీ ఆ దేశపు సిగరెట్టు వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆక్రమించింది. గుత్తాధిపత్యం కారణంగా 1911లో సుప్రీంకోర్టు దానిని విడగొట్టింది.

పైపు, చుట్టల పొగ ఘాటుగా ఉండడం వలన చాలామంది దానిని నోటిలోనే ఉంచుకుని వదిలివేసేవారు. సిగరెట్టులో వాడే వర్జీనియా రకం పొగాకు పొగ మృదువుగా ఉండి సులభంగా ఊపిరితిత్తులలోనికి పోతుంది. కనుక చుట్ట నుండి సిగరెట్టుకు మారడమంటే కేవలం వస్తువును మార్చడం కాదు, పొగ శరీరంలో చేరే చోటు కూడా మారడం.

అమెరికాలో 1900లో సగటున ఒక్కొక్క వయోజనునికి ఏడాదికి 54 సిగరెట్లు ఖర్చయ్యేవి. 1963లో ఆ సంఖ్య 4,345. అంటే పొగ త్రాగనివారిని కూడా కలుపుకుని లెక్కించినా ఒక్కొక్కరికి రోజుకు దాదాపు పన్నెండు. రెండు ప్రపంచ యుద్ధాలు ఈ వృద్ధికి ఎంతో తోడ్పడ్డాయి. సైనికుల ఆహార సరంజామాలో సిగరెట్లు కూడా ఉండేవి. యుద్ధం ముగిశాక సైనికులు ఆ అలవాటుతోనే ఇళ్ళకు చేరారు.

అలవాటు, మరణం, వాటి మధ్య కాలం

20వ శతాబ్దం ఆరంభంలో ఊపిరితిత్తుల క్యాన్సరు చాలా అరుదైన వ్యాధి. 1940ల నాటికి బ్రిటన్‌లో అది వేగంగా పెరుగుతుండడంతో కారణం కనుగొనే పనిని రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు చేపట్టారు. రహదారులపై పరచే తారు గాని, మోటారు వాహనాల పొగ గాని కారణమై ఉంటుందని డాల్ మొదట భావించాడు. లండను ఆసుపత్రులలోని 709 మంది ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను, అంతే సంఖ్యలో ఇతర రోగులను పోల్చి వారు 1950లో ఫలితాలను ప్రకటించారు. క్యాన్సరు ఉన్న 649 మంది పురుషులలో పొగ త్రాగనివారు ఇద్దరే. అయితే క్యాన్సరు లేని 649 మంది పురుషులలో కూడా పొగ త్రాగనివారు 27 మంది మాత్రమే. దాదాపు అందరూ పొగత్రాగే సమాజంలో పొగను కారణంగా గుర్తించడం ఎందుకు కష్టమైనదో ఈ రెండు అంకెలు చెబుతాయి. అందరికీ ఉన్న అలవాటు ఎవరి దృష్టికీ రాదు. డాల్ ఈ పరిశోధన సమయంలోనే తాను సిగరెట్లు మానివేశాడు. అదే సంవత్సరం అమెరికాలో విండర్, గ్రాహంలు కూడా ఇటువంటి ఫలితాలనే వెలువరించారు.

1951లో డాల్, హిల్‌లు బ్రిటిషు వైద్యులపైనే దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టారు. 34,439 మంది పురుష వైద్యులను ఐదు దశాబ్దాల పాటు గమనించి 2004లో వెలువరించిన నివేదిక ప్రకారం, జీవితాంతం పొగత్రాగినవారు త్రాగనివారికంటే సగటున పదేళ్ళు ముందుగా మరణించారు. 60 ఏళ్ళ వయసులో మానినవారు సుమారు మూడేళ్ళు, 50లో మానినవారు ఆరేళ్ళు, 40లో మానినవారు తొమ్మిదేళ్ళు, 30లో మానినవారు దాదాపు పదేళ్ళూ తిరిగి పొందారు.

అమెరికాలో సిగరెట్ల వాడకం 1963లో శిఖరాన్ని చేరగా, పురుషులలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాల రేటు 1990 ప్రాంతంలో శిఖరాన్ని చేరింది. అప్పటికి అక్కడ పొగత్రాగేవారి శాతం చాలావరకు తగ్గిపోయింది. ఈ వ్యవధిని ఆధారం చేసుకుని లోపెజ్, కాలిషా, పిహా అనే పరిశోధకులు 1994లో నాలుగు దశల నమూనాను ప్రతిపాదించారు. దాని ప్రకారం మొదట పురుషులలో అలవాటు పెరుగుతుంది, కొన్ని దశాబ్దాల తరువాత స్త్రీలలో పెరుగుతుంది, ఆపై పురుషులలో తగ్గుతూ ఉండగా మరణాలు పెరుగుతాయి, చివరకు రెండూ తగ్గుతాయి. అలవాటు ముందుగా ధనికులలో, విద్యావంతులలో మొదలై, వారే ముందుగా మానివేయగా, చివరకు పేదవారిలో మిగిలిపోతుంది. బ్రిటన్, అమెరికాల అనుభవం ఈ నమూనాకు చక్కగా సరిపోతుంది. ఆసియా దేశాలు దీనికి పూర్తిగా లొంగలేదు.

స్త్రీలు, పురుషులు

పాశ్చాత్య దేశాలలో 20వ శతాబ్దం మొదటి పాదం వరకు స్త్రీలు బహిరంగంగా పొగ త్రాగడం తప్పుగా భావించబడేది. 1929లో న్యూయార్కు ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతులు వీధిలో సిగరెట్లు వెలిగించారు. పత్రికలు దీనిని స్త్రీ స్వాతంత్ర్యానికి చిహ్నంగా వర్ణించాయి. దాని వెనుక ఉన్నది అమెరికన్ టొబాకో కంపెనీ తరఫున పనిచేసిన ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్. 1965 నాటికి అమెరికాలో పురుషులలో సుమారు 52 శాతం, స్త్రీలలో సుమారు 34 శాతం సిగరెట్లు త్రాగేవారు. 1987లో ఆ దేశపు స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు రొమ్ము క్యాన్సరు మరణాలను మించిపోయాయి.

చైనాలో జరిగినది ఇందుకు విరుద్ధం. అక్కడ 1930లలో పుట్టిన స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరు పొగ త్రాగగా, 1960లలో పుట్టినవారిలో అది నూటికి ఒకరికి తగ్గింది. 2018లో చైనా పురుషులలో 50.5 శాతం, స్త్రీలలో 2.1 శాతం పొగత్రాగేవారు. అభివృద్ధి పెరిగితే స్త్రీలలో ధూమపానం తప్పక పెరుగుతుందన్న సిద్ధాంతం ఇక్కడ తప్పింది.

కొన్ని దేశాల పరిస్థితి

జపానులో 1904లో రష్యాతో యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం పొగాకు తయారీని తన గుత్తాధిపత్యం క్రిందకు తీసుకున్నది. 1985లో దానిని జపాన్ టొబాకో అనే కంపెనీగా మార్చినా ప్రభుత్వం మూడవవంతు వాటాను అట్టిపెట్టుకున్నది. 1966లో జపాను పురుషులలో 83.7 శాతం పొగత్రాగేవారు. 2019 నాటికి ఇది 27.1 శాతానికి దిగింది. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ సిగరెట్టుకు బదులు పొగాకును కాల్చకుండా వేడిచేసి పీల్చే పరికరాలు బాగా వ్యాపించాయి.

ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో, అనగా సుమారు 30 కోట్ల మంది, పొగత్రాగేవారు చైనాలో ఉన్నారు. ప్రపంచపు సిగరెట్లలో నలభై శాతానికి పైగా అక్కడే ఖర్చవుతాయి. వీటిలో దాదాపు అన్నింటినీ తయారు చేసేది 1982లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థయే. ఇండొనేషియాలో లవంగాలు కలిపిన క్రెటెక్ అనే సిగరెట్టు ప్రధానమైనది. లక్షలాది లవంగ, పొగాకు రైతులు, చేతితో చుట్టే స్త్రీ కార్మికులు దానిపై ఆధారపడి ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికలో ఆ దేశం చేరలేదు.

బ్రెజిల్ ఉదాహరణ ప్రత్యేకంగా గమనించదగినది. పొగాకు ఆకు ఎగుమతిలో ప్రపంచంలో ప్రథమ స్థానంలో ఉన్న ఈ దేశంలో పొగత్రాగే పెద్దలు 1989లో 34.8 శాతం ఉండగా 2019లో 12.6 శాతం. పొగాకు పండించే దేశం పొగత్రాగడాన్ని తగ్గించలేదన్న వాదానికి ఇది సమాధానం. రష్యాలో 1991 తరువాత విదేశీ కంపెనీల ప్రవేశంతో స్త్రీలలో అలవాటు పెరిగింది. 2009లో పురుషులలో 60.2 శాతం, స్త్రీలలో 21.7 శాతం పొగత్రాగేవారు. 2013 చట్టం తరువాత అక్కడ చెప్పుకోదగిన తగ్గుదల కనిపించింది. స్వీడన్‌లో పురుషులు చాలామంది స్నూస్ అనే తడి పొగాకును పెదవి క్రింద ఉంచుకుంటారు. అందువలన సిగరెట్టు త్రాగేవారు అక్కడ మిగిలిన ఐరోపాలో కంటే తక్కువ. కాని వారు నికోటిన్‌ను మానినవారని చెప్పలేము.

భారతదేశం

భారతదేశపు అలవాటును సిగరెట్ల లెక్కతో కొలవడం పొరపాటు. 2016-17 పొగాకు సర్వే ప్రకారం దేశంలోని పెద్దలలో 28.6 శాతం పొగాకు వాడుతున్నారు. అందులో ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ వంటి పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం, పొగత్రాగేవారు 10.7 శాతం. (రెండూ వాడేవారు రెండింటిలోనూ లెక్కకు వస్తారు.) బీడీ త్రాగేవారు 7.7 శాతం కాగా సిగరెట్టు త్రాగేవారు 4 శాతమే. 2009-10లో మొత్తం పొగాకు వాడకం 34.6 శాతం ఉండేది.

రాష్ట్రాల మధ్య తేడా దేశాల మధ్య తేడాకు తీసిపోదు. త్రిపురలో 64.5 శాతం పెద్దలు ఏదో ఒక రూపంలో పొగాకు వాడగా, గోవాలో 9.7 శాతమే. ఇదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం. బీడీపై పన్ను సిగరెట్టు కంటే చాలా తక్కువగా ఉంటూ వచ్చింది. పేదవాని వస్తువుపై భారం వేయరాదన్నది దీనికి చెప్పే కారణం. దాని పర్యవసానంగా పేదవానికే పొగ చవకగా దొరుకుతున్నది.

తెలుగు ప్రాంతాలలో

తెలుగునాట ప్రాచీనమైన రూపం చుట్ట. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకంలో గిరీశం చుట్టను పొగడే ఘట్టం ఆనాటి మధ్యతరగతిలో చుట్టకున్న స్థానాన్ని తెలుపుతుంది. సిగరెట్టు పొగాకు సాగు వచ్చాక గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాలు వర్జీనియా పొగాకుకు ప్రసిద్ధి చెందాయి. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ ఏర్పడగా, పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది. తెలంగాణలో నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే పని ఎందరో స్త్రీలకు జీవనాధారం. అడవులలో సేకరించే తునికాకు దీనికి ముడిసరుకు. బీడీలు చుట్టే స్త్రీలలో పొగత్రాగేవారు అరుదు గాని, రోజంతా పొగాకు ధూళిని పీల్చేది వారే.

ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల పల్లెలలో, అడ్డపొగ అనే ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉన్నది. ఇందులో చుట్ట మండే కొసను నోటిలోపల ఉంచుకుని పొగత్రాగుతారు. దీనిని స్త్రీలే ఎక్కువగా పాటించేవారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, బూడిద రాలదని, పని చేసుకుంటూ త్రాగవచ్చునని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని కారణాలు చెబుతారు. నిప్పు వేడి నేరుగా తగలడం వలన అంగిలిపై మచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సరు ఏర్పడతాయి. ఇతర ప్రాంతాలలో అంగిలి క్యాన్సరు అరుదు. విశాఖపట్నంలో పనిచేసిన డి. గోవిందరెడ్డి, వి.కె. రావులు 1957లో ఈ సంబంధాన్ని వైద్య పత్రికలో వివరించారు. 1971లో డెన్మార్కు దంతవైద్య శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబైలోని టాటా పరిశోధనా సంస్థ బృందంతో కలిసి, 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన ఫలితాలను ప్రచురించాడు. ఆ తరువాత అదే టాటా సంస్థ శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో ఇంటింటికీ వెళ్ళి అలవాటు మానిపించే ప్రయత్నం చేసింది. మాన్పించిన చోట నోటిలో క్యాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గినట్లు తేలింది. తల్లి నుండి, అత్త నుండి నేర్చుకునే అలవాటు కనుక దీనికి ప్రకటనలతో పని లేకపోయింది. మానడానికి కూడా ఇంట్లోవారి మాటే అవసరమైనది.

చట్టాలు

అమెరికాలో 1964 జనవరి 11న సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ నివేదిక వెలువడింది. 1971లో రేడియో, టెలివిజనులలో సిగరెట్టు ప్రకటనలు నిలిచిపోయాయి. అంతకుముందే కంపెనీలు ఫిల్టరు సిగరెట్లను సురక్షితమైనవన్నట్లుగా అమ్మసాగాయి. 1950లలో వచ్చిన ఒక ఫిల్టరులో ఆస్బెస్టాస్ అనే, తానే క్యాన్సరు కలిగించే పదార్థం ఉండేది! ఐర్లాండు 2004 మార్చిలో పనిచేసే ప్రదేశాలన్నింటిలో, సారాయి దుకాణాలతో సహా, ధూమపానాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియా 2012 డిసెంబరు నుండి కంపెనీ రంగులు, చిహ్నాలు లేని పెట్టెలను తప్పనిసరి చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒడంబడిక 2003లో ఆమోదం పొంది 2005 ఫిబ్రవరి 27న అమలులోకి వచ్చింది.

భారతదేశంలో 2001లో మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించమని ఆదేశించింది. 2003లో పార్లమెంటు సమగ్రమైన చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాల నిబంధనలు కట్టుదిట్టం చేయబడ్డాయి. 2009 మే 31 నుండి పెట్టెలపై హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. 2016 ఏప్రిల్ నుండి అవి పెట్టెలో 85 శాతం ఆక్రమిస్తున్నాయి. విడి సిగరెట్టు కొనుక్కునేవానికి మాత్రం ఆ బొమ్మ కనబడే అవకాశం తక్కువ.

పూర్తి నిషేధాల అనుభవం మిశ్రమంగా ఉన్నది. భూటాను 2004లో పొగాకు అమ్మకాన్ని నిషేధించినా సరిహద్దుల నుండి దొంగరవాణా ఆగలేదు. కోవిడ్ కాలంలో ఆ రవాణా వలన వ్యాధి వ్యాపిస్తుందన్న భయంతో 2021లో నిషేధాన్ని ఎత్తివేసింది. న్యూజీలాండు 2009 జనవరి 1న, ఆపైన పుట్టినవారికి ఎన్నటికీ పొగాకు అమ్మరాదని 2022లో చట్టం చేసి, ప్రభుత్వం మారడంతో అమలుకు ముందే 2024లో రద్దు చేసింది.

గణాంకాల విషయం

2000లో ప్రపంచంలోని పెద్దలలో ముగ్గురిలో ఒకరు పొగాకు వాడగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2024 నాటికి ఐదుగురిలో ఒకరు వాడుతున్నారు. జనాభా పెరుగుదల వలన సంఖ్యలో తగ్గుదల అంతగా లేదు. ఇప్పటికీ సుమారు 120 కోట్ల మంది వాడుకదారులున్నారు. ఏటా 70 లక్షలకు పైగా మరణాలు పొగాకు వలన సంభవిస్తున్నాయి.

దేశాలను పోల్చేటప్పుడు కొన్ని లెక్కలు రోజూ త్రాగేవారిని, కొన్ని అప్పుడప్పుడు త్రాగేవారిని కూడా చేర్చుకుంటాయని గుర్తుంచుకోవాలి. స్త్రీలు పొగత్రాగడం తప్పుగా భావించే సమాజాలలో సర్వేకు వచ్చినవారికి నిజం చెప్పనివారు ఉంటారు. 2003లో చైనాకు చెందిన హాన్ లిక్ రూపొందించిన ఇ-సిగరెట్టు ఈ పోలికను మరింత క్లిష్టం చేసింది. దీనిని బ్రిటన్ సిగరెట్టు మానడానికి సాధనంగా ప్రోత్సహించగా, భారతదేశం 2019లో దాని తయారీని, అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. ఇ-సిగరెట్టు వాడేవారిని పొగత్రాగేవారిగా లెక్కించాలా అనే విషయంలో దేశాల గణాంకాలు ఒకే పద్ధతిని అనుసరించడం లేదు.